స్లీవా, బైపాసా: విశాఖ స్టూడియో చర్చ పూర్తి పాఠం

బైపాస్ చేస్తామని థియేటర్‌లోకి తీసుకెళ్లి, స్లీవ్ చేసి పంపేశారంటూ ఓ కుటుంబం పెట్టిన వీడియో విశాఖలో చాలామంది ఫోన్లకి చేరింది. రెండూ బరువు తగ్గడానికి పొట్ట మీద చేసే ఆపరేషన్లే. ఆ గొడవ మీద జరిగిన చర్చ ఇది. ఇందులో ఎండోక్రైనాలజిస్ట్ అంటే హార్మోన్లు, షుగర్ జబ్బు చూసే డాక్టర్. అడ్డు తగలడాలు, అరుపులు తీసేయకుండా ఇస్తున్నాం. ఎవరిని ఎవరు మాట్లాడనివ్వలేదో కూడా చదివేవాళ్లకి తెలియాలి.

యాంకర్: నమస్కారం. ఆ వీడియోలో నిజమెంతో విచారణలో తేలుతుంది. నేనడిగేది వేరు. ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి మద్దిలపాలెం దాకా హోర్డింగులే. ‘బరువు తగ్గండి, ఆఫర్ నెలాఖరు వరకే’. ఆపరేషన్‌కి ఆఫరేంటండీ? సర్జన్ గారూ, ముందు మీరు.

సర్జన్: హోర్డింగుల సంగతి నన్నడక్కండి. జనానికి తెలియాల్సింది ఆపరేషన్ గురించి. స్లీవ్ అంటే పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంచుతాం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. పేగు జోలికి వెళ్లం. తక్కువ టైము, తక్కువ ముప్పు. ప్రపంచంలో ఎక్కువగా చేస్తున్నదీ ఇదే. అంతమంది సర్జన్లూ తప్పంటారా?

ఎండోక్రైనాలజిస్ట్: ఎక్కువమంది చేస్తున్నారు కాబట్టి అందరికీ నప్పుతుందని...

సర్జన్: నన్ను పూర్తి చేయనివ్వండి. బైపాస్‌లో పొట్ట పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేస్తాం. పేగుని కోసి పైకి తెచ్చి దానికి కలుపుతాం. కింద ఇంకో జాయింట్. రెండు జాయింట్లంటే రెండు చోట్ల ముప్పు. లోపల పేగు మెలిపడొచ్చు. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. మన దగ్గర ఏడాది తిరిగేసరికి మాత్రలు మానేస్తారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

యాంకర్: మేడమ్, మీరేమంటారు? అలాగే హోర్డింగుల మీద కూడా...

ఎండోక్రైనాలజిస్ట్: మాత్రలు స్లీవ్ తర్వాత కూడా వేసుకోవాలి. ఆ మాట సర్ చెప్పలేదు. ఇంకోటి. ఫిన్లాండ్‌లో 240 మందిని రెండు గుంపులు చేసి, కొందరికి స్లీవ్, కొందరికి బైపాస్ చేశారు. పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. ఎండోస్కోపీ చేస్తే, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూస్తే, స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి పొట్టలోని యాసిడ్ పైకి ఎగదన్ని అన్నవాహిక ఒరిసిపోయి, పూసి ఉంది. బైపాస్ వాళ్లలో 7 శాతం. ఇది చిన్న తేడానా?

సర్జన్: అదే స్టడీలో షుగర్ సంగతి కూడా చెప్పండి! షుగర్ పూర్తిగా తగ్గింది స్లీవ్‌లో 26 శాతం మందికి, బైపాస్‌లో 33 శాతం. గణాంకాల లెక్కలో అది తేడాయే కాదు. చెప్పండి మరి!

ఎండోక్రైనాలజిస్ట్: చెప్తాను. బరువు లెక్కా చెప్తాను. ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం తగ్గారు. బీపీ కూడా...

సర్జన్: ఏడు శాతం కోసం రెండు జాయింట్లా?

[ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. కొన్ని మాటలు వినబడలేదు.]

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన మేడమ్ ఉన్నారు. ఈవిడకి రెండూ అయ్యాయి. చెప్పండమ్మా.

రెండూ చేయించుకున్న మహిళ: నాకు ముందు స్లీవ్ చేశారండి. బరువు బాగానే తగ్గాను, అది కాదనను. కానీ మొదట్నుంచీ నాకు పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట. ఆపరేషన్‌కి ముందు ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేనూ గ్యాసే కదా అనుకున్నాను. తర్వాత పడుకుంటే చాలు, నోట్లోకి నీళ్లొచ్చేవి. రాత్రుళ్లు కుర్చీలో కూర్చునే నిద్రపోయేదాన్ని. మా అత్తయ్య గారు నాతోపాటు మేలుకునేవారు. చివరికి వేరే ఊళ్లో బైపాస్‌గా మార్చారు. మంట పోయింది.

యాంకర్: మీరు మొదటి ఆసుపత్రికి హోర్డింగ్ చూసే వెళ్లారా?

మహిళ: లేదండి, మా చుట్టాలు చెప్పారు.

సర్జన్: చూశారా, నేననేది ఇదే! స్లీవ్‌ని బైపాస్‌గా మార్చుకోవచ్చు. ఒక మెట్టు ఎక్కాక రెండో మెట్టు ఉంది. మొదటే బైపాస్ చేసేస్తే ఇంక దారేది?

ఎండోక్రైనాలజిస్ట్: ఆవిడ రెండుసార్లు మత్తు తీసుకున్నారు సర్. అది మెట్టు అంటే ఎలా? మంట ఉందా అని అడిగి, ఎండోస్కోపీలో హయటస్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం, ఉందో లేదో చూసుంటే...

సర్జన్: ఎండోస్కోపీ అందరికీ చేస్తాం.

మహిళ: నాకు చెయ్యలేదండి.

యాంకర్: గాజువాక నుంచి కాల్ ఉంది. చెప్పండి సర్.

కాలర్: నమస్కారమండి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ నాది. 112 కేజీలున్నాను. సుగర్ ఉంది. మోకాళ్లు నొప్పి, బిళ్లలేసుకుంటాను. సిగరెట్టూ కాలుస్తానండి, అబద్ధమెందుకు. ఒక డాక్టరు స్లీవ్ అంటన్నారు, ఇంకో డాక్టరు మినీ బైపాస్ అంటన్నారు. నాకేటీ తెలీట్లేదండి. ఏటి చేయించుకోమంటారు?

సర్జన్: స్లీవ్. అనుమానమే లేదు. సిగరెట్, నొప్పి బిళ్లలు రెండూ ఉన్నవాళ్లకి బైపాస్ చేస్తే జాయింట్ దగ్గర పుండు పడే ముప్పు ఎక్కువ. రంధ్రం పడితే అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తారు. మినీ బైపాస్‌లో ఒకటే జాయింట్, కానీ దానికీ అంతే. పైగా దాంట్లో పైత్యరసం పైకి ఎగదన్నొచ్చు.

ఎండోక్రైనాలజిస్ట్: పుండు సంగతి సర్ చెప్పింది ముమ్మాటికీ నిజం. కానీ బాబూ, సిగరెట్ మానకుండా ఏ ఆపరేషనూ మంచిది కాదు. మీకు షుగర్ ఎన్నేళ్లుగా ఉంది? ఇన్సులిన్ వాడుతున్నారా? గుండెల్లో మంట ఉందా?

కాలర్: మంటా... నైట్ షిఫ్ట్‌లో వస్తాదండి. క్యాంటీన్‌లో తిన్నాక.

ఎండోక్రైనాలజిస్ట్: అదిగో! షుగర్, మంట బైపాస్ వైపు లాగుతున్నాయి. సిగరెట్, బిళ్లలు స్లీవ్ వైపు లాగుతున్నాయి. ఈయనకి ఫోన్‌లో పేరు చెప్పేయడం న్యాయం కాదు. ముందు ఎండోస్కోపీ, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూడాలి. మోకాళ్లకి వేరే మందు దొరుకుతుందేమో ఎముకల డాక్టర్ని అడగాలి. ఆ తర్వాతే...

సర్జన్: జనం మనల్ని అడిగేది జవాబు. మీరేమో ఇంకో పది ప్రశ్నలిస్తున్నారు!

యాంకర్: బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతేంటి? మౌంజారో, వెగోవీ 2025లో మన దేశానికి వచ్చేశాయి కదా. ఇంక కత్తెందుకు అంటున్నారు చాలామంది.

ఎండోక్రైనాలజిస్ట్: మంచి మందులే. ఆపేస్తే మాత్రం చాలామందికి బరువు మళ్లీ వస్తుంది. నెలనెలా ఖర్చు. ఇక ఎవరికి ఆపరేషన్ అన్నదానికొస్తే, 2022 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు లెక్క, 35 దాటితే చేయొచ్చన్నారు, మన ఆసియా వాళ్లకి 27.5 నుంచే ఆలోచించొచ్చన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో 40 అడుగుతారు. 35 అయితే అదుపులో లేని షుగరో, గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా తీవ్రంగానో ఉండాలంటారు. ఈ తేడా తెలియక సంతకం పెట్టి, తర్వాత బిల్లు చూసి...

యాంకర్: అంటే హోర్డింగుల్లో ఇది రాయరన్నమాట!

డైటీషియన్: నేనొక్క మాట చెప్పొచ్చా? ఏ ఆపరేషనైనా రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. చిన్న పొట్టలో ముందు గుడ్డు, చేప, పప్పు పడాలి. అన్నం ఆ తర్వాతే. మనకి సముద్రం పక్కనే ఉంది, చేపకి కరువు లేదు. కానీ నా దగ్గరికొచ్చేవాళ్లు మెత్తగా ఉంటుందని ఇడ్లీ, జావ, మజ్జిగతోనే నెలలు గడిపేస్తారు. ఆరు నెలలకి జుట్టు చేతికొస్తుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకి ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమని...

యాంకర్: బీచ్ రోడ్డులో బజ్జీలు తినొచ్చా మేడమ్, ఆపరేషన్ తర్వాత?

డైటీషియన్: బజ్జీ సంగతి తర్వాతండీ. బైపాస్ అయినవాళ్లు తీపి ఎక్కువ తింటే చెమటలు, దడ, విరేచనాలు రావొచ్చు. డంపింగ్ అంటారు. మద్యం కూడా తొందరగా తలకెక్కుతుంది. ఇవి ఆపరేషన్‌కి ముందే...

సర్జన్: అందుకే స్లీవ్ అంటున్నాను! పొద్దున్నించీ అదే చెప్తున్నాను.

ఎండోక్రైనాలజిస్ట్: అసలు ఆ వీడియోలో గొడవ ఏమిటి? ఏ ఆపరేషన్ చేస్తున్నారో పేషెంటుకి తెలియకపోవడం. లోపల పేగులు అతుక్కుపోయి ఉంటే సర్జన్ అక్కడికక్కడే మార్చాల్సి రావొచ్చు. తప్పనను. కానీ ‘మారొచ్చు, మారితే ఇది చేస్తాం’ అని ముందే తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి.

సర్జన్: కన్సెంట్ ఫారం మేం తీసుకుంటాం. ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకుంటాం.

మహిళ: నా చేత పెట్టించింది ఇంగ్లీషు కాగితమండి.

యాంకర్: సమయం దగ్గరపడింది. మొత్తానికి సర్జన్ గారు చెప్పినట్టు, సేఫ్‌గా ముందు స్లీవ్‌తో వెళ్లడమే...

ఎండోక్రైనాలజిస్ట్: అలా ఎక్కడ తేలిందండీ?

సర్జన్: తేలింది. ఇందాక మీరే పుండు నిజమన్నారు కదా.

ఎండోక్రైనాలజిస్ట్: ఆయనకి మంట కూడా ఉంది సర్! గాజువాక బాబూ, వింటుంటే ఒక్క మాట. ఎండోస్కోపీ రిపోర్టు చేతికి రాకుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

సర్జన్: ఎండోస్కోపీ నేనూ వద్దనలేదు. రిపోర్టు నా దగ్గరికి పట్టుకురమ్మనండి, స్లీవ్ ఎందుకో...

యాంకర్: రేపు ఇదే సమయానికి, హోర్డింగులకి అనుమతి ఎవరిస్తున్నారు అన్నదాని మీద మాట్లాడదాం. నమస్కారం.