సేఫ్టీ రేజరుతో గడ్డం గీసుకోవడం: కొత్తగా మొదలుపెట్టేవారికి

[దృశ్యం: తెల్లని తువాలు మీద లోహపు సేఫ్టీ రేజరు, కాగితం చుట్టిన రెండంచుల బ్లేడు, బ్రష్షు, చిన్న గిన్నె, చెంబుతో నీళ్లు.]

నమస్కారం. ఒక రెండంచుల బ్లేడు, దాన్ని బిగించే లోహపు రేజరు, ఒక బ్రష్షు, కాస్త షేవింగ్ సబ్బు లేదా క్రీము, చెంబుడు నీళ్లు ఉంటే గడ్డం నున్నగా, మంట లేకుండా ఎలా గీసుకోవచ్చో ఈ వీడియోలో వివరంగా చూద్దాం. మూడేసి, అయిదేసి బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజరు వాడుతూ, గీసుకున్న ప్రతిసారీ మెడ మీద ఎర్రని పొక్కులు లేస్తున్నాయని బాధపడేవారికి ఇది ముఖ్యంగా ఉపయోగపడుతుంది.

ఈ పద్ధతిలో కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే ఉంది, మానుకోవలసింది మాత్రం ఒకటి పెద్దది ఉంది. అది రేజరును చర్మానికి నొక్కిపట్టే అలవాటు. కార్ట్రిడ్జ్ రేజరు తల అటూ ఇటూ తిరుగుతూ ముఖం ఒంపులకు తానే సర్దుకుంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి దాన్ని వాడిన చెయ్యి తెలియకుండానే నొక్కడం మరుగుతుంది. సేఫ్టీ రేజరు తల కదలదు. కోణం చూసుకోవలసింది మన మణికట్టు, బరువు మోయవలసింది రేజరు. ఇక ముందు చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

[దృశ్యం: పాతకాలపు రేజరు, పక్కన కొత్తది. రెండింటిలోనూ ఒకే బ్లేడు అమరుతుంది.]

ఇప్పుడు మన చేతిలో ఉన్న ఈ రూపానికి నూరేళ్లు దాటాయి. సీసా మూతలు తయారుచేసే సంస్థలో సేల్స్‌మన్‌గా పనిచేసిన అమెరికావాసి కింగ్ క్యాంప్ జిలెట్, పదును పెట్టే పనిలేకుండా వాడి పారేయగలిగే పలుచని బ్లేడు గురించి ఆలోచించాడు. అంత పలుచని ఉక్కు రేకుకు పదును నిలిచేలా గట్టిదనం తేవడం ఆ రోజుల్లో చాలా కష్టమైన పని. విలియం నికర్సన్ అనే ఇంజినీరు అందుకు తగిన యంత్రాలను రూపొందించిన తరువాతే అది సాధ్యమైంది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొనడంతో ఇంట్లో ఎవరి గడ్డం వారే గీసుకోవడం అక్కడ మామూలు విషయమైపోయింది.

1971లో జంట బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వచ్చాక పాశ్చాత్య దేశాల్లో సేఫ్టీ రేజరు క్రమంగా వెనకబడింది. మన దేశంలో అలా జరగలేదు. కిరాణా కొట్లో వేలాడే బ్లేడ్ల అట్ట ఎన్నడూ మాయం కాలేదు. 2010లో జిలెట్ సంస్థ 15 రూపాయల రేజరు, 5 రూపాయల కార్ట్రిడ్జ్‌తో గార్డ్ అనే రకాన్ని ప్రత్యేకించి భారతదేశం కోసమే తయారుచేసి దింపిందంటే, రెండంచుల బ్లేడు వాడేవారు ఇక్కడ ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. కుళాయి కింద కడగకుండా చెంబులోనో మగ్గులోనో ముంచి కడిగే మన అలవాటుకు సేఫ్టీ రేజరు చక్కగా సరిపోతుంది. ఒకే బ్లేడు, దాని కింద ఖాళీ ఉంటాయి కనుక నీళ్లలో రెండుసార్లు ఆడిస్తే వెంట్రుకలు, నురగ వదిలిపోతాయి. మూడు నాలుగు బ్లేడ్లు దగ్గరదగ్గరగా ఉన్న కార్ట్రిడ్జ్‌లో వెంట్రుకలు ఇరుక్కుంటే ధారగా పడే నీళ్లు కావాలి.

[దృశ్యం: మూడు ముక్కల రేజరును విప్పి దగ్గరగా చూపడం.]

రేజరు ఎంపిక విషయంలో ఎక్కువ ఆలోచన అవసరం లేదు. పిడి, కింది పలక, పై పలక అని మూడు ముక్కలుగా విడిపోయే రేజరు శుభ్రం చేయడానికి సులువు. పిడి అడుగున తిప్పితే తలుపుల్లా రెండు రెక్కలు తెరుచుకునే రకం బ్లేడు మార్చడానికి సులువు. అంచున పళ్లు లేకుండా సాఫీగా కడ్డీ ఉన్నది కొత్తవారికి మంచిది, దువ్వెన పళ్ల వంటి అంచు ఉన్నదాన్ని చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు. మన దేశంలోనే తయారయ్యే పార్కర్ రేజర్లు, జర్మనీలో తయారయ్యే మెర్కుర్, ముహ్లె రేజర్లు ఈ పద్ధతి ఇష్టపడేవారిలో పేరున్నవి. ఏది కొన్నా బాగా చూసుకుంటే దశాబ్దాలు నడుస్తుంది. బరువు కాస్త ఎక్కువగా ఉన్నదాన్నే ఎంచుకోమని నా సలహా. బరువైన రేజరును చేత పట్టుకున్నప్పుడు నొక్కాలన్న ఆలోచన తనంతట తానే తగ్గుతుంది.

బ్లేడుల సంగతి వేరు. అన్ని సంస్థల బ్లేడ్లూ ఒకే కొలతలో, దాదాపు 0.1 మిల్లీమీటరు మందంతో ఉంటాయి, ఏ బ్లేడైనా ఏ రేజరులోనైనా పడుతుంది. కానీ పదును, పూత సంస్థను బట్టి మారతాయి. జపాన్ ఫెదర్ బ్లేడు మహా పదును, అందువల్ల దానితో మొదలుపెట్టవద్దు. సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్, ఆస్ట్రా వంటివి రెండు మూడు రకాలు కొని, ఒక్కో రకాన్ని వరుసగా కొన్నాళ్లు వాడి, మీ చర్మానికి పడినదాన్ని ఉంచుకోండి. ఒకరికి పడింది మరొకరికి పడకపోవడం ఇక్కడ సర్వసాధారణం. చాలా సెలూన్లలో కత్తిలో అమర్చేది కూడా ఇదే బ్లేడు. కాగితం పొట్లంలోనే నడిమికి విరిచి సగం ముక్కను బిగిస్తారు.

[దృశ్యం: బ్లేడు పొట్టి అంచులను రెండు వేళ్లతో పట్టుకుని అమర్చడం.]

బ్లేడును ఎప్పుడూ పదును లేని పొట్టి పక్కల దగ్గరే పట్టుకోండి. పై పలకకు ఉన్న గుబ్బల్లో బ్లేడును కూర్చి, కింది పలక పెట్టి, పిడి మర బిగించాక, రెండు వైపులా అంచు సమంగా బయటికి కనిపిస్తున్నదో లేదో వెలుతురులో చూడండి. ఒక పక్క ఎక్కువగా పొడుచుకువస్తే విప్పి మళ్లీ బిగించండి. చాలా గాట్లకు అసలు కారణం ఇక్కడే ఉంటుంది.

ఇక నీళ్లు. ఎండిన గడ్డం వెంట్రుక గట్టిగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానితే అది మెత్తబడి, తెగడానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది. అందుకే స్నానం చేశాక గీసుకోవడం ఉత్తమం. అందుకు వీలుకాకపోతే, వేడినీళ్లలో తడిపి పిండిన తువాలును ముఖానికి కప్పి ఉంచండి.

[దృశ్యం: రెండు గిన్నెలు. ఒకదానిలో బోరు నీళ్లతో, రెండోదానిలో ఫిల్టరు నీళ్లతో కలిపిన నురగ.]

ఈ రెండు గిన్నెలనూ ఒకసారి జాగ్రత్తగా చూడండి. రెండింటిలోనూ సబ్బు ఒక్కటే, కలిపిన తీరు ఒక్కటే. ఎడమ గిన్నెలోని నురగ పెద్ద పెద్ద బుడగలతో లేచి, చూస్తుండగానే చప్పబడి గిన్నె అంచుకు తెల్లని తెట్టులా అంటుకుంది. కుడి గిన్నెలోనిది పెరుగు మీగడలా చిక్కగా నిలిచింది. తెలుగు రాష్ట్రాల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో చాలాచోట్ల నీరు కఠినజలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని మడ్డిగా మారతాయి, నురగ కావలసిన సబ్బు ఆ మడ్డిలోనే ఖర్చైపోతుంది. నురగ సరిగా రాలేదని సబ్బును, బ్రష్షును మార్చి మార్చి చూసే ముందు, తాగే ఫిల్టరు నీళ్లు అరగ్లాసు తీసుకుని వాటితో కలిపి చూడండి. నురగకు కావలసింది అంతే, రేజరు కడగడానికి బోరు నీళ్లు చాలు. అప్పటికీ కుదరకపోతే సబ్బు మోతాదు కాస్త పెంచండి.

నురగ కలిపే విధానం ఇది. బ్రష్షును తడిపి, ఎక్కువ నీళ్లు జాడించి, చిక్కుడు గింజంత క్రీము గిన్నెలో వేసి గుండ్రంగా తిప్పండి. మొదట పేస్టులా ముద్దగా ఉంటుంది. అప్పుడు ఒక్కొక్క చుక్కే నీళ్లు చేరుస్తూ పోతే ఆ ముద్ద మెరుపు తేలి, బుడగలు కంటికి కనిపించని నురగగా మారుతుంది. ఆ మెరుపే గుర్తు. వేళ్ల మధ్య రుద్దితే జారుతూ ఉండాలి. చూపుకు ఎంత పొంగినా జారని నురగ వల్ల ప్రయోజనం లేదు. డబ్బా నొక్కితే వచ్చే ఫోము గాలితో పొంగినది కనుక ఈ తేమ, ఈ జారుడు దానిలో తక్కువ. బ్రష్షుతో ముఖం మీద గుండ్రంగా రాస్తున్నప్పుడు వెంట్రుకలు నిక్కి నురగలో పూర్తిగా మునుగుతాయి. కొత్తవారికి సింథటిక్ బ్రష్షు చాలు, ధర తక్కువ, త్వరగా ఆరుతుంది.

[దృశ్యం: మెడ మీద వేలితో నాలుగు దిక్కులకూ నిమరడం.]

రేజరు పెట్టే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు, పొడి చర్మం మీద వేలితో పైకి, కిందికి, పక్కలకు నిమిరి చూడండి. నున్నగా జారిన దిక్కు వెంట్రుకల వాలు, గరుకుగా తగిలిన దిక్కు ఎదురు. చెంపల మీద వాలు సాధారణంగా కిందికే ఉంటుంది. మెడ దగ్గర అలా కాదు. కొందరికి పైకి, కొందరికి చెవి వైపుకు, చాలామందికి కంఠముడి పక్కన ఒక సుడిలా తిరిగి ఉంటుంది. ఆ సుడి తెలియక మెడంతా పై నుంచి కిందికి గీసేవారు, తాము వాలుకే గీస్తున్నామనుకుంటూ సగం మెడను ఎదురు గీస్తుంటారు, పొక్కులు ఎప్పుడూ అక్కడే లేస్తుంటాయి. కావాలంటే ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకోండి.

ఇప్పుడు గీయడం. రేజరు తల పైభాగాన్ని చెంపకు ఆనించి, పిడి చెంప నుంచి నేరుగా బయటికి ఉండేలా పట్టండి. ఈ స్థితిలో బ్లేడు చర్మానికి తగలదు. అక్కడి నుంచి పిడిని మెల్లగా కిందికి దించుతూ చిన్నగా లాగుతూ ఉంటే, ఒకచోట వెంట్రుకలు తెగుతున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది. బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉండే ఆ కోణాన్నే పట్టి ఉంచాలి. ఫ్యాను ఆపి, పాటలు కట్టేసి గీసుకోండి, కోణం తప్పినప్పుడు ముందుగా తెలిసేది చెవికే.

[దృశ్యం: చెంప మీద పొట్టి పొట్టి గీతలు, మధ్యలో రేజరు ముంచి కడగడం.]

పిడి చివరను వేళ్ల కొసలతో పట్టుకోండి, పిడికిలి బిగించవద్దు. అంగుళం, అంగుళంన్నర మించని పొట్టి గీతలు గీయండి. రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా బిగువుగా ఉంచండి, కానీ పొక్కులు లేచే చర్మమైతే లాగవద్దు. నురగ పోయిన చోట మళ్లీ గీయవలసి వస్తే ముందు నురగ రాయండి. దవడ ఎముక మీద, చుబుకం మీద ఒంపుతో పాటు మణికట్టును తిప్పాలి. పై పెదవి దగ్గర నాలుకతో లోపలి నుంచి తోసినా సరే, పెదవిని పళ్ల మీదకు బిగించినా సరే.

ఒక విడతలో అంతా నున్నగా రావాలన్న పట్టుదల వద్దు. మొదటి విడత వాలుకు గీసి ముఖం కడిగి, మళ్లీ నురగ రాసి రెండో విడత వాలుకు అడ్డంగా గీస్తే ఆఫీసుకైనా పెళ్లికైనా సరిపడేంత నునుపు వస్తుంది. ఎదురు గీయడాన్ని మొదటి నెలంతా పక్కన పెట్టండి. వెంట్రుకలు చుట్టలు తిరిగి ఉండేవారు, చర్మం లోపలికి పెరిగి పొక్కులయ్యేవారు దాని జోలికే పోకపోవడం మంచిది. మరీ లోతుగా తెగిన వెంట్రుక చర్మం కిందే వంకర తిరుగుతుంది. బహుళ బ్లేడ్ల కార్ట్రిడ్జ్ కొందరికి పడకపోవడానికి కారణం ఇదే. మొదటి బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనుక వచ్చేది దాన్ని చర్మం మట్టానికన్నా కింద కోస్తుంది.

గీయడం పూర్తయ్యాక చల్లని నీళ్లతో కడిగి, తడి ముఖం మీద పటిక బిళ్ల రుద్ది, అర నిమిషం ఆగి కడిగేయండి. చిన్న గాట్ల నుంచి వచ్చే రక్తం ఆగుతుంది. పటిక చురుక్కుమన్న చోటల్లా మీరు నొక్కిపట్టారని అర్థం, మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేయండి. చర్మం ఎండకుండా వాసన లేని మాయిశ్చరైజరు కొద్దిగా రాస్తే చాలు.

బ్లేడు నాలుగైదు సార్ల గీతకు వస్తుంది. వెంట్రుకను కోయకుండా లాగుతున్నట్టు అనిపించిన రోజే మార్చేయండి. ఉక్కు కన్నా దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడు అంచును ఎలా పాడుచేస్తుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూశారు. అంచు మెల్లగా అరిగి మొద్దుబారడం కన్నా సన్నసన్నని పెచ్చులుగా విరగడమే దానికి ప్రధాన కారణమని తేలింది. అలా విరిగిన అంచును ఎంత నొక్కినా పదును రాదు. వాడిన తరువాత బ్లేడును గుడ్డతో తుడవకండి, పదునూ పోతుంది, వేలూ తెగుతుంది. నీళ్లు విదిలించి ఆరనివ్వండి. ఇంట్లోవారిదే అయినా ఒకరి బ్లేడు మరొకరు వాడకూడదు, హెపటైటిస్ బి, సి వంటివి రక్తం ద్వారా అంటుకుంటాయి. విమాన ప్రయాణానికి బ్లేడ్లను చేతి సంచిలో పెట్టుకోనివ్వరు, చెక్‌ఇన్ సామానులో వేయండి.

[దృశ్యం: మూతకు సన్నని చీలిక కోసిన రేకు డబ్బా.]

చివరిగా పాత బ్లేడ్లు. వాటిని చెత్తబుట్టలో ఊరికే వేయవద్దు, కాగితంలో చుట్టి వేసినా సరిపోదు. మన పట్టణాల్లో చెత్తను చేతులతో వేరుచేసే పారిశుధ్య కార్మికుల వేళ్లు వీటి వల్ల తెగవచ్చు. మూత ఉన్న చిన్న రేకు డబ్బాకు బ్లేడు దూరేంత చీలిక కోసి, అద్దం పక్కన పెట్టుకోండి. వాడిన ప్రతి బ్లేడునూ అందులో జారవిడవండి. డబ్బా నిండాక చీలికను గట్టి టేపుతో మూసి, పైన పెద్ద అక్షరాలతో బ్లేడ్లు అని రాసి, చెత్త బండి వచ్చినప్పుడు కార్మికులకు నోటితో చెప్పి విడిగా చేతికి ఇవ్వండి.