చెప్పులు విప్పి చూసేవాళ్ళు కావాలి

(ప్రపంచ మధుమేహ దినం సందర్భంగా వయోవృద్ధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. అందుకే ఈ సభ ఈ రోజు పెట్టుకున్నాం. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ళం ముప్ఫై, నలభై ఏళ్ళు హాయిగా బతుకుతున్నాం. అన్నేళ్ళు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఏం పాడవుతుందో చెప్పమన్నారు.

కరపత్రంలో కళ్ళు, కిడ్నీలు, పాదాలు అని వేశారు. మొదటి రెండూ త్వరగా చెప్పేస్తాను. చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా, అంటే కంటి వెనక పొర, చూపించుకోండి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోండి, రక్తంలో క్రియాటినిన్ కూడా. ఆ నిష్పత్తి 30 దాటితే పరీక్ష మళ్ళీ చేయించాలి. మళ్ళీ ఎక్కువే వస్తే కిడ్నీ దెబ్బతింటోందని అనుమానించాలి. బీపీ 130/80 లోపు ఉండాలి. హెచ్‌బీఏ1సీ (రెండు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చాలామందికి 7 శాతం దగ్గర ఉంటే మంచిది. బాగా పెద్దవాళ్ళకీ, తరచూ షుగర్ పడిపోయేవాళ్ళకీ డాక్టరు కాస్త సడలిస్తారు.

ఇక పాదాలు. నా బాధంతా ఇక్కడే. కంటికి ఫోటో ఉంది, కిడ్నీకి మూత్ర పరీక్ష ఉంది. చీటీ మీద రాస్తే ల్యాబువాళ్ళు చేసేస్తారు. పాదానికి ల్యాబు లేదు. ఎవరో ఒకరు వంగి చూడాలి. ఓపీలో వంద మంది లైన్లో ఉంటే ఎవరూ వంగరు. మీరూ చెప్పులు విప్పరు. "షుగర్ ఎంతుంది?" అన్న ప్రశ్నతో వచ్చిన పని అయిపోతుంది. కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి అది ముందు చిన్న పుండే. ఆ పుండుకు ముందు ఒక ఆనెకాయో, పగులో, చెప్పు ఒరుసుకున్న మచ్చో ఉండే ఉంటుంది.

ఆ మచ్చ మనకు ఎందుకు తెలియదంటే, షుగర్ వల్ల నరాలు మూడు రకాలుగా దెబ్బతింటాయి. నొప్పి తెలిపే నరం పోతే మేకు గుచ్చుకున్నా తెలియదు. కండరాలను నడిపే నరం పోతే వేళ్ళు కొంకర్లు పోయి, బరువంతా వేళ్ళ మొదళ్ళ కింద పడుతుంది. అక్కడ కాయ కాస్తుంది. చెమట పట్టించే నరం పోతే చర్మం ఎండి మడమలు పగులుతాయి. కాయ మందమయ్యేకొద్దీ దాని కింద ఒత్తిడి పెరిగి లోపలే రక్తం చిమ్ముతుంది. కాయ మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే కింద పుండు తయారవుతోందని అర్థం.

ఇప్పుడే, ఇక్కడే ఒక పరీక్ష చేద్దాం. దయచేసి అందరూ చెప్పులు విప్పండి. ఇబ్బందేం లేదు, అందరం పెద్దవాళ్ళమే. పక్కవాళ్ళు చేస్తారు, మీరు కళ్ళు మూసుకోండి. కుడి బొటనవేలి కొనను చూపుడువేలితో ఒకటి, రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, తట్టకూడదు. తెలిస్తే "కుడి" అనండి. తర్వాత కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు. ఒక్కో వేలికి ఒకే అవకాశం, తెలియలేదని మళ్ళీ తాకకండి. ఆరింటిలో రెండు తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఇది ఇంగ్లండులోని ఇప్స్విచ్ ఊరి పేరుతో పిలిచే పరీక్ష. పైసా ఖర్చు లేదు. డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ తీగ ఉంటే, అది వంగేదాకా ఆనించి చూస్తారు. ఆ పరీక్ష అడిగి చేయించుకోండి.

అమ్మలూ, మీకో మాట. మెట్టెలు బిగుతుగా ఉంటే వాచిన వేలిని కోసేస్తాయి, మీకు తెలియదు. వదులు చేయించండి, లేదా తీసేయండి.

తిమ్మిర్లు, మంటలు అని వేడినీళ్ళలో కాళ్ళు పెడతారు, వేడి నీళ్ళ సంచి పెడతారు. చర్మం కాలి బొబ్బలెక్కినా తెలియదు. వద్దు. ఆనెకాయల పట్టీలు వద్దు, అందులోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది. బ్లేడుతో మీరే కోసుకోవద్దు. మధ్యాహ్నం ఎండలో గుడి రాళ్ళ మీద ప్రదక్షిణ వద్దు. పొద్దున్నే వెళ్ళండి. హవాయి చెప్పు వేళ్ళ మధ్య ఒరుసుకుంటుంది, కాలి నుంచి జారిపోయినా తెలియదు. వెనక పట్టీ ఉన్న, మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) అట్ట వేసిన చెప్పులు కొనండి. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. గోళ్ళు అడ్డంగా, నేరుగా కత్తిరించుకోండి, మూలలు తవ్వొద్దు. మడమలకు కొబ్బరినూనె రాయండి కానీ వేళ్ళ సందుల్లో రాయకండి, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. అరికాలు కనిపించకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోండి.

పుండు పడితే పసుపు, కాఫీపొడి అద్దకండి. పారే నీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టి, ఆ రోజే చూపించండి. రోజూ డ్రెస్సింగ్ చేయిస్తున్నా మానడం లేదని చాలామంది అంటారు. ఆ డ్రెస్సింగుకి నడిచే వెళ్ళి వస్తుంటారు! అడుగేసినప్పుడల్లా పుండు నలుగుతుంటే ఏ మందు పనిచేస్తుంది? వెల్లూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఇదే చూశారు. స్పర్శ లేని పాదాన్ని అచ్చంగా అతుక్కునే సిమెంటు కట్టులో ఉంచి ఒత్తిడి తీసేస్తే, ఏళ్ళ తరబడి మానని పుండ్లు మానేవి. ఆ తర్వాత అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో ఆ పద్ధతే షుగర్ రోగులకూ పనికొచ్చింది. అందుకే పుండుకు ఏ ఆయింట్‌మెంటు అని అడిగే ముందు, "బరువు ఎలా తీయాలి, పాదానికి రక్తం సరిగా అందుతోందా" అని అడగండి. రక్తం అందని కాలికి ఆ కట్టు వేయకూడదు, ముందు రక్తనాళాల డాక్టరు చూడాలి. పొగతాగేవాళ్ళు ఈ మాట మరీ గట్టిగా వినండి.

పుండు లేకుండా పాదం ఎర్రగా వాచి, రెండో కాలికన్నా వేడిగా ఉంటే బెణికిందనుకుని నడవొద్దు. లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, దాన్ని షార్కో పాదం అంటారు. అడుగు కింద పెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళండి. వేలు నల్లబడినా, చెడు వాసన వచ్చినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి.

ఇందాకటి పరీక్షలో రెండు వేళ్ళు తెలియనివాళ్ళు చెప్పులు వేసుకోకముందే కుడివైపు బల్ల దగ్గరికి రండి. తీగతో మళ్ళీ చూసి, పాదం మీది నాడి పట్టి, చీటీ మీద రాసిస్తాం. ఈసారి ఓపీకి వెళ్ళినప్పుడు ఆ చీటీ బల్ల మీద పెట్టి, మీరే ముందు చెప్పులు విప్పండి.