భరతన్ ఎపిసోడ్ (అని పేరు పెట్టాం, అంతే)

మస్తాన్: రికార్డింగ్ ఆన్. పెంచలన్నా, ఆ శెనక్కాయల పొట్లం పక్కన పెట్టు. పోయినసారి నువ్వు నమిలే చప్పుడు మీదే సగం కామెంట్లు వచ్చాయి.

పెంచలయ్య: కోడి ఎపిసోడ్ కంటే నయమే కదా?

మస్తాన్: దాన్ని మాత్రం ఎత్తొద్దు. సరే, నమస్కారం. ఈవారం టాపిక్, ఆర్ట్ డైరెక్టర్‌గా మొదలై డైరెక్టరైన భరతన్. మలయాళం ఆయన. త్రిచూర్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివాడు. 1972లో 'గంధర్వక్షేత్రం'కి ఆర్ట్ చేశాడు. 1975లో 'ప్రయాణం'తో డైరెక్టరయ్యాడు. దానికి కథ రాసింది పద్మరాజన్...

పెంచలయ్య: మన నెల్లూరుకేం సంబంధం?

మస్తాన్: లేదన్నా.

పెంచలయ్య: పోయింది మద్రాసులోనే కదా, 98లో? మద్రాసంటే సగం మనదే.

మస్తాన్: మొదలెట్టావా! ఆయన దగ్గరి బంధువు పి.ఎన్.మేనన్ కూడా ఇదే దారి. ఆర్ట్ డైరెక్షన్ చేసి, తర్వాత డైరెక్టరయ్యాడు. 1970లో 'ఓళవుం తీరవుం' తీసి మలయాళ సినిమాని స్టూడియో గోడల్లోంచి బయటికి తెచ్చాడంటారు. అంటే ఆ ఇంట్లో...

పెంచలయ్య: ఇవన్నీ ఎందుకబ్బయా, మనోళ్లకి తెలిసిన సినిమా చెప్పు. 'క్షత్రియ పుత్రుడు'.

మస్తాన్: దానికే వస్తున్నా. 1992, తమిళంలో 'తేవర్ మగన్'. ఐదు జాతీయ అవార్డులు. కానీ అన్నా, అది భరతన్ సినిమా అని నేను ఒప్పుకోను. కథ, మాటలు కమల్‌వి. నిర్మాత కూడా ఆయనే.

పెంచలయ్య: ఏందీ?

మస్తాన్: కెమెరా పి.సి.శ్రీరామ్. సంగీతం ఇళయరాజా. ఇంట్లో శివాజీ గణేశన్ కూర్చుని ఉన్నాడు. ఇంతమంది ఉన్నాక...

పెంచలయ్య: అట్టయితే డైరెక్టర్ ఏం చేశాడు, అందరికీ టీలు అందించాడా?

మస్తాన్: నేనట్ట అన్లేదు.

పెంచలయ్య: అన్నావు. మొదట్లో కమల్ రైలు దిగుతాడు. జుట్టు పెంచుకుని, పక్కన పట్నం పిల్ల. చివర్లో పోలీసులతో మళ్లీ రైలెక్కుతాడు, పంచె, మీసం. ఒకే మనిషి, ఒకే రైలు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలనే బుద్ధి బొమ్మలేసేవాడికే పుడుతుంది.

మస్తాన్: అది స్క్రిప్టులోనే ఉంటుంది అన్నా!

పెంచలయ్య: స్క్రిప్టులో 'రైలు' అని ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద ఎంత ఖాళీ వదలాలో ఉంటుందా? నేను ట్రంకు రోడ్డులో బ్యానర్లు రాసేవాడి దగ్గర రంగులు కలిపినోణ్ణి, నాకు చెప్పొద్దు నువ్వు.

మస్తాన్: వచ్చింది బ్యానర్ల కథ.

పెంచలయ్య: రానీ. ముందు గుడ్డకి జిగురూ సుద్దా పూసి ఆరబెట్టేవాళ్లం. చిన్న ఫొటో మీద గళ్లు కొట్టి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవిగా కొట్టాలి. ఒక్కో గడిలో ఉన్నంతే గీసుకుంటూ పోవడం. కానీ ముఖం దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ గళ్లని పట్టించుకునేవాడు కాదు. నుదురు కాస్త పొడుగ్గా వేసేవాడు. జనం కింద రోడ్డు మీద నిలబడి చూస్తారు కదా, ఫొటోలో ఉన్నట్టే వేస్తే పైనున్న నుదురు కుంచించుకుపోయి కనపడుతుంది. చూసేవాడు ఎక్కడ నిలబడతాడో ముందే ఆలోచించేవాడు. నేను భరతన్ గురించి చెప్పేది అదే.

మస్తాన్: ఆ మేస్త్రీ ఇప్పుడు?

పెంచలయ్య: ఫ్లెక్సీలు వచ్చినాక ఇంకేముంది. కొన్నాళ్లు షాపులకి బోర్డులు రాశాడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది.

మస్తాన్: ...

పెంచలయ్య: భరతన్ నయం. తన సినిమాల పోస్టర్లూ టైటిళ్లూ తనే గీసుకునేవాడంట. సరే పోనీ, నువ్వు చెప్పు.

మస్తాన్: అది కాదన్నా, నీ మాట మీదే అడుగుతున్నా. ఆర్ట్ డైరెక్టర్ డైరెక్టరైతే పెద్ద పెద్ద సెట్లు వేయించుకోవాలి కదా? 1988లో 'వైశాలి' తీశాడు, మన ఋష్యశృంగుడి కథే, ఎం.టి.వాసుదేవన్ నాయర్ రాశాడు. పురాణ కథ. మనవాళ్లయితే గుహని కూడా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కట్టేస్తారు. ఆయనేమో ఇడుక్కిలో డ్యామ్ కట్టేటప్పుడు కొండకి తొలిచిన సొరంగంలో తీశాడు. ఇప్పుడు దాని పేరే వైశాలి గుహ, టూరిస్టులు పోతుంటారు.

పెంచలయ్య: మరి? సెట్ వేస్తే ఎంతవుతుందో, వేశాక తెర మీద ఎంత దొంగగా కనపడుతుందో లెక్క తెలిసినోడు కాబట్టే సొరంగం వెతుక్కున్నాడు.

మస్తాన్: అంటే సెట్ వేసినా ఆయన గొప్పే, వేయకపోయినా ఆయన గొప్పే?

పెంచలయ్య: అవును.

మస్తాన్: (నవ్వు) అది వాదన కాదు, మొండితనం.

పెంచలయ్య: నువ్వు కమల్‌కి చేసేదేంది మరి? 'క్షత్రియ పుత్రుడు'లో గట్టు తెగి నీళ్లు ఊరి మీద పడతాయి చూడు. మాటల్లేవు. ఆ బురద, ఆ శవాలు. అక్కడ కమల్ రాసిన డైలాగు ఏముంది?

మస్తాన్: ...ఆ సీన్ ఇస్తాను. ఒక్కటే ఇస్తాను.

పెంచలయ్య: రైలు కూడా ఇయ్యి.

మస్తాన్: రైలు ఇవ్వను.

పెంచలయ్య: అవార్డుల్లో జానకమ్మది కూడా ఉంది, 'ఇంజి ఇడుప్పళగి' పాటకి. ఆమె కూడా...

మస్తాన్: ఆమెది రేపల్లె వైపు, నెల్లూరు కాదు! వాణిశ్రీ మనమ్మాయి, ఒప్పుకున్నాం. కావలి రాజనాల, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు ఆత్రేయ, అందరినీ ఒప్పుకున్నాం. ఇక ఆపు.

పెంచలయ్య: జగదేవిపేట రమణారెడ్డిని మర్చిపోయావు.

మస్తాన్: టైమైపోతా ఉంది. 'అమరం' గురించి అసలు మాట్లాడనే లేదు. మమ్ముట్టి చేపలు పట్టేవాడు, కూతుర్ని డాక్టర్ చేయాలని ఆశ. భరతన్ భార్య కె.పి.ఎ.సి. లలితకి దానికే జాతీయ అవార్డు వచ్చింది. అందులో సముద్రం...

పెంచలయ్య: మన మైపాడు బీచ్‌లో తీసుంటే...

మస్తాన్: అన్నా!

పెంచలయ్య: అది కాదు, ఆ సాయంత్రం వెలుతురు చూశావా నువ్వెప్పుడైనా, పడవలు ఒడ్డుకి లాగేటప్పుడు...

మస్తాన్: ఆగాగు, ఎవరో తలుపు కొడుతున్నారు. వాటర్ క్యాన్ అబ్బాయి. పోయినసారి డబ్బులు కూడా నువ్వే ఇవ్వాలి.

పెంచలయ్య: నేనెందుకిస్తాను, పోయినసారి తాగింది నువ్వు...