అప్‌డేట్ తర్వాత నెట్ మొరాయిస్తోందా? ముందు ఎంటీయూ చూడండి

అందరికీ నమస్కారం, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక నెట్ మొరాయిస్తే జనం చెప్పే చిట్కాల్లో ఏది పనికొస్తుందో ఈ వీడియోలో చూద్దాం.

దేవరకొండ రోడ్డులో ఒక నెట్ సెంటర్. అప్లికేషన్ పేజీ టక్కున తెరుచుకుంటోంది. మెమో స్కాన్ అప్‌లోడ్ చేస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. స్పీడ్ టెస్ట్ బాగానే చూపిస్తోంది. ఓనర్ కేబుల్ అబ్బాయికి ఫోన్ మీద ఫోన్. బయట పిల్లలకేమో లాస్ట్ డేట్ టెన్షన్.

చిన్నవి పోయి పెద్దవి ఆగుతున్నాయంటే నా మొదటి అనుమానం ఎంటీయూ మీదే. అంటే ఒక్క ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు. ఈథర్‌నెట్‌లో 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ లైన్ అయితే అందులో 8 బైట్లు దానికే పోతాయి, మిగిలేది 1492. అప్‌డేట్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారితే, మనం పెట్టుకున్న 1492 పోయి మళ్లీ 1500 రావచ్చు. ప్యాకెట్ పెద్దదైందని దారిలోని రౌటర్ తిరిగి చెప్పాలి. ఆ కబురును ఏదైనా ఫైర్‌వాల్ ఆపేసిందా, మన సిస్టమ్ అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది.

స్క్రీన్ చూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, మైనస్ ఎఫ్, మైనస్ ఎల్, 1472, తర్వాత సైట్ అడ్రస్. మైనస్ ఎఫ్ అంటే ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని, మైనస్ ఎల్ తర్వాతిది పంపే సైజు. జవాబు రాలేదు. 1464 కొట్టా... వచ్చింది! దానికి ప్యాకెట్ ముందు చేరే అడ్రస్ వగైరా సమాచారం, అంటే హెడర్ల 28 బైట్లు కలపండి, 1492. లెక్క సరిగ్గా కుదిరింది.

ఇక చిట్కాల సంగతి. 'నెట్‌వర్క్ రీసెట్ కొట్టు' అనేది ఇక్కడ వద్దే వద్దు. అది అడాప్టర్‌ను మొదటి సెట్టింగులకు తెస్తుంది, అంటే మళ్లీ 1500కే. వీపీఎన్ ఉంటే అదీ మళ్లీ పెట్టుకోవాలి. 'కళ్లు మూసుకుని 1400 పెట్టు' అంటారు, పని జరగొచ్చు, కానీ కొలవడానికి రెండు నిమిషాలు పట్టదు కదా! 1280 కంటే కిందికి మాత్రం దించొద్దు, కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి ఐపీవీ6 నడవదు.

నా ఓటు రౌటర్‌కే. దాని వాన్, అంటే బయటి ఇంటర్నెట్ వైపు సెట్టింగుల్లో ఎంటీయూ 1492 పెట్టి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (కనెక్షన్ మొదట్లోనే ప్యాకెట్ సైజును తగ్గించి ఒప్పించే ఆప్షన్) ఆన్ చేస్తే సెంటర్‌లోని సిస్టమ్‌లన్నిటికీ ఒకేసారి పని అయిపోతుంది. రౌటర్ మన చేతిలో లేకపోతేనే ఒక్కో సిస్టమ్‌లో నెట్‌ష్ కమాండ్‌తో మార్చండి. లినక్స్‌లో ఐపీ లింక్ కమాండ్‌తో మార్చింది రీస్టార్ట్ చేస్తే పోతుంది, కనెక్షన్ సెట్టింగుల్లోనే రాసుకోండి.

ఒకవేళ మీ దగ్గర 1472కే (28 కలిపితే పూర్తి 1500) జవాబు వచ్చేస్తుంటే ఎంటీయూ జోలికి పోకండి, కొత్త డ్రైవర్ తీసేసి పాతది వేసి చూడండి.