సంతకాలు మారిన ఉత్తరాలు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు కనుక నేను మళ్లీ చదవను. ఈమధ్య అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన మనవాళ్లందరికీ అభినందనలు. 'పౌరుడి హక్కులు, బాధ్యతలు' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. హక్కుల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, నిన్నమొన్నే పరీక్షకు చదివారు. నేను ఈ సంచిలో నాలుగు ఉత్తరాలు తెచ్చాను. వాటి గురించే చెబుతాను, కార్యదర్శి గారు మన్నించాలి.

2016 ఫిబ్రవరి 13న ఇక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్కాలియా చనిపోయారు. న్యాయమూర్తి పేరు అధ్యక్షుడు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి. ఆ ఖాళీకి శ్రీ శ్రీనివాసన్ పేరు పరిశీలనలో ఉందని పత్రికలు రాశాయి. చండీగఢ్‌లో పుట్టిన తమిళ కుటుంబపు బిడ్డ. 2013లో అప్పీళ్ల కోర్టుకు ఆయన్ను సెనేట్ 97-0తో ఆమోదించింది. ఆ నెల రోజులూ మన ఇళ్లలో తమిళం, తెలుగు అన్న తేడా ఎవరికీ గుర్తు రాలేదు. మార్చి 16న ఒబామా మెరిక్ గార్లాండ్ పేరు ప్రకటించగానే మనవాళ్లు టీవీ కట్టేశారు. నేను కట్టలేకపోయాను. గార్లాండ్‌ను విచారణకు, అంటే సెనేటర్లు ప్రశ్నలడిగే సమావేశానికి కూడా పిలవబోమని సెనేట్‌లో మెజారిటీ ఉన్న ఒబామా ప్రత్యర్థి పార్టీ చెప్పేసింది మరి.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. పిలవండి, కూర్చోబెట్టండి, ప్రశ్నలు వేయండి. నచ్చకపోతే ఓడించండి. 1987లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను అలాగే పిలిచి, రోజుల తరబడి అడిగి, 58-42తో వద్దన్నారు కదా! అది పద్ధతి. తలుపే తీయకపోవడం ఏం పద్ధతి?

మా ఊరి నుంచి సెనేటర్ గారి కార్యాలయానికి ఫోను చేశాను. ఎత్తింది చదువుకుంటూ అక్కడ పనిచేసే ఒక పిల్ల. ముందు జిప్ కోడ్ అడిగింది, మనం ఆ రాష్ట్రం వాళ్లమో కాదో చూసుకోవాలిగా. తర్వాత పేరు. నా పేరు మీకు తెలుసు, ఇంగ్లీషులో పాతిక అక్షరాలు. ఒక్కొక్క అక్షరం చెప్పి ముగించేసరికి నా భోజన విరామం ముగిసింది. అప్పుడు అడిగింది, "గార్లాండ్ గారికి మీరు అనుకూలమా, వ్యతిరేకమా?" అని. "రెండూ కాదమ్మా, విచారణ జరపమంటున్నాను" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ గడి లేదండీ" అంది.

ఆ గడి లేదు! ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ పిల్ల తప్పేమీ లేదు, పాపం ఉన్నమాటే చెప్పింది.

సరే, ఉత్తరం రాద్దామనుకున్నాను. 2001లో ఆంత్రాక్స్ పొడి కలిపిన కవర్లు సెనేటర్లకు వచ్చినప్పటి నుంచి కాంగ్రెస్‌కు వెళ్లే టపాను రేడియేషన్ పెట్టి శుద్ధి చేస్తారు. కాగితం పెళుసెక్కి, ఆలస్యంగా చేరుతుంది. నా కోపం కూడా అలాగే చేరి ఉంటుంది.

మా రాష్ట్రానికి అప్పట్లో ఇద్దరు సెనేటర్లూ చెరొక పార్టీ. ఇద్దరికీ రాశాను, ఇద్దరి నుంచీ జవాబు వచ్చింది. ఇదిగో. ఒకరు, ఎన్నికల ఏడాది కదా, ముందు ప్రజల తీర్పు రానిద్దాం అన్నారు. రెండోవారు, రాజ్యాంగం అప్పగించిన పనిని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదన్నారు. గార్లాండ్ నామినేషన్ 293 రోజులు అలాగే పడి ఉండి, 2017 జనవరి 3న కాలం చెల్లిపోయింది.

ఇక మిగతా రెండు ఉత్తరాలు. 2020 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ చనిపోయారు. ఎన్నికలు నవంబరు 3న. మళ్లీ ఇద్దరికీ రాశాను, మళ్లీ ఇద్దరూ జవాబిచ్చారు. మొదటివారు రాజ్యాంగం అప్పగించిన పని అన్నారు. రెండోవారు ప్రజల తీర్పు అన్నారు. ఉత్తరాలు అవే, కింద సంతకాలు మారాయి, అంతే! అక్టోబరు 26న ఆమె స్థానానికి ఏమీ కోనీ బారెట్‌ను సెనేట్ 52-48తో ఆమోదించింది. మీలో కొందరు నన్ను ఏదో ఒక పార్టీలో కలిపేద్దామని చూస్తున్నట్టున్నారు. వద్దు. 1992 జూన్‌లో ఈ ఎన్నికల ఏడాది వాదన చేసినవారు ఒబామా పార్టీకే చెందిన అప్పటి సెనేటర్ జో బైడెన్. కావాలంటే చూసుకోండి.

మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్లో కాలువ తూము పూడిపోతే మా శాసనసభ్యుడికి కార్డు రాశారు. ఆరు నెలల తర్వాత ఆయన ఏదో పెళ్లికి వచ్చి, పందిట్లో అందరి ముందూ "ఏమండీ మాస్టారూ, పిల్లలకు దస్తూరీ నేర్పుతారు, మీ దస్తూరీ మాత్రం కోడి గెలికినట్టుంది" అన్నారు. తూము బాగుపడలేదు. కానీ మా నాన్న బతికినంత కాలం ఆ మాట అందరికీ చెప్పుకున్నారు. కార్డు చదివాడన్నమాటే కదా! మరి అదే శాసనసభ్యుడికి న్యాయమూర్తి నియామకం గురించి రాసి ఉంటే ఏమయ్యేది? అక్కడ ఆ పని కొలీజియానిది, అంటే సీనియర్ న్యాయమూర్తుల బృందానిది. మార్చుదామని పార్లమెంటు చేసిన చట్టాన్నీ, దాని కోసం చేసిన రాజ్యాంగ సవరణనూ 2015 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ మనకు ఫోను చేయడానికి ఒక నంబరైనా ఉంది.

సుప్రీంకోర్టు పేరు వినగానే అందరం లేచి కూర్చుంటాం. మన జిల్లా ఫెడరల్ కోర్టుకు ఎవరు వస్తున్నారో ఎప్పుడైనా చూశారా? మీలో ఎవరైనా? ఒక్క చెయ్యి లేపండి. లేదు కదా. ఆ నియామకానికి మన రాష్ట్ర సెనేటర్ నీలం చీటీ, అంటే తన సమ్మతి తెలిపే కాగితం, తిప్పి పంపకపోతే ఫైలు కదలడం గగనం. వందమందిలో ఒకడి ఓటు కాదది, మన సెనేటర్ సొంత చెయ్యి. మన ఫోనుకు బరువున్నది అక్కడే, మనం చేయనిదీ అక్కడే. పౌరసత్వ పరీక్షలో మీ సెనేటర్ పేరేమిటని అడుగుతారు. ఆయనకు మన పేరు మీద పరీక్ష పెట్టేవాళ్లు లేరు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. 2020లో ఉత్తరంతో పాటు ఫోను కూడా చేశాను. ఈసారి ఒక కుర్రవాడు ఎత్తాడు. పాతిక అక్షరాలూ ఓపిగ్గా రాసుకున్నాడు. నేను నాలుగేళ్ల కిందటి ఉత్తరం చదివి, ఇప్పుడెందుకు మాట మారిందో చెప్పమని అడిగాను. "గడిలో పట్టదండీ, కింద రాస్తాను" అన్నాడు. రాసింది నాకు చదివి వినిపించి, తప్పుంటే చెప్పమన్నాడు. ఒక తేదీ తప్పు పడితే దిద్దించాను. సెనేటర్ గారు తాము అనుకున్నట్టే ఓటు వేశారు. ఆ కుర్రవాడి పేరు అడగడం మరిచిపోయాను.

భోజనాలు వడ్డిస్తున్నారట. ఉత్తరాలు ఈ బల్ల మీదే ఉంచుతున్నాను, చూసి మళ్లీ ఇక్కడే పెట్టండి.