డబ్బు కట్టాం, లిమిట్ ఏది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి సూటిగా విషయానికొస్తాను. ఈ రోజు డిసెంబరు 24. తొలి వినియోగదారుల రక్షణ చట్టానికి 1986లో ఇదే తేదీన రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. వినియోగదారుల చట్టం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. చట్టం ఎక్కడికీ పోదు, ముందు మా బావగారి సంగతి వినండి.

బావగారు రిటైర్డ్ టీచరు. క్రెడిట్ కార్డు లిమిట్ 2 లక్షలు. అక్కకు మోకాలి ఆపరేషన్, ఆసుపత్రి అడ్వాన్సుకు 1,60,000 గీకారు. బిల్లు రాగానే, గడువు ఇంకా ఉండగానే, ఒక శనివారం పొద్దున ఫోన్లో యాప్‌ నుంచి మొత్తం కట్టేశారు. 'మీ చెల్లింపు అందింది, ధన్యవాదాలు' అని మెసేజ్ వచ్చింది. మధ్యాహ్నం డిస్చార్జి. కౌంటర్లో కార్డు పెడితే డిక్లైన్! మళ్లీ పెట్టారు, మళ్లీ అదే. వెనక క్యూలో ఉన్నవాళ్లంతా ఆయన వైపే చూస్తున్నారు. జన్మలో ఒకరి దగ్గర చేబదులు తీసుకోని మనిషండీ ఆయన!

కాల్ సెంటరుకు చేస్తే ఏమన్నారు? 'డబ్బు వచ్చింది సార్, లిమిట్ అప్‌డేట్ కావడానికి రెండు పనిదినాలు పడుతుంది' అన్నారు. అది రెండో శనివారం. మర్నాడు ఆదివారం. ఇక లెక్క మీరే వేసుకోండి. మేనల్లుడు స్నేహితుల దగ్గర తలా కొంచెం ఫోన్‌పేలో వేయించుకుని బిల్లు కట్టేసరికి సాయంత్రమైంది. అంతసేపూ అక్క చక్రాల కుర్చీలోనే ఉంది.

ఎందుకిలా అవుతుందంటే... వెనక అబ్బాయీ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ. మీ మొత్తం లిమిట్‌లోంచి బిల్లయిన బాకీ, ఇంకా బిల్లు కాని ఖర్చు, హోటలువాళ్లు గది ఇచ్చేటప్పుడు ముందుగా పట్టి ఉంచే సొమ్ము తీసేస్తే మిగిలేదే వాడుకోగల లిమిట్. 60,000 ఫ్రిజ్‌ను ఈఎంఐలో పెట్టారనుకోండి, మొదటి రోజే అసలు 60,000కీ తాళం పడుతుంది. నెలనెలా అసలు ఎంత తీరితే అంతే విడుదలవుతుంది. నో కాస్ట్, అంటే వడ్డీ లేని ఈఎంఐ అన్నారు కదా మాస్టారూ అంటారేమో, లిమిట్‌కి ఆ మాట వర్తించదు.

ఇక కట్టిన డబ్బు దారి చూడండి. యూపీఐ, ఐఎంపీఎస్ అనే తక్షణ బదిలీ పద్ధతుల్లో అయితే క్షణాల్లో చేరుతుంది. నెఫ్ట్ అనే బ్యాంకు బదిలీ అరగంటకో బస్సు లాంటిది, 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ నడుస్తోంది. ఆలస్యమంతా డబ్బు బ్యాంకు గుమ్మం దాటాకే. చాలాచోట్ల కార్డు ఖాతాల వ్యవస్థ వేరు, పొదుపు ఖాతాలది వేరు. వచ్చిన సొమ్మును కార్డు ఖాతాలో జమ వేసే పని రోజు చివర మూకుమ్మడిగా జరిగే బ్యాంకులున్నాయి. చెక్కు అయితే క్లియరయ్యేదాకా ఆగాల్సిందే. మధ్యలో వేరే యాప్ ఉంటే, 'చెల్లించారు' అన్న మెసేజ్ ఆ యాప్‌ది కావచ్చు, బ్యాంకుది కాకపోవచ్చు.

నేనూ బ్యాంకులో పనిచేసినవాణ్ణే, వాళ్ల భయమూ నాకు తెలుసు. చెల్లని చెక్కు వేసి, లిమిట్ రాగానే మళ్లీ వాడేసి మాయమయ్యే మోసగాళ్లుంటారు. పెద్ద మొత్తం వస్తే కాసేపు ఆపి చూసుకుంటారు. సరే, ఆపుకోండి. కానీ ఆ సంగతి చెప్పరేం? గీకిన ప్రతిసారీ 'మిగిలిన లిమిట్ ఇంత' అని బావగారికి మెసేజ్ పంపిన బ్యాంకే, కట్టినప్పుడు ఆ ఒక్క ముక్క ఎందుకు పంపలేదు? కొన్ని బ్యాంకులు పంపుతున్నాయి కూడా. అంటే చేయగలిగిన పనే కదండీ! బావగారికి ఆ ముక్క ముందే తెలిస్తే అక్కను కుర్చీలో కూర్చోబెట్టకముందే వేరే ఏర్పాటు చూసుకునేవారు.

రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో కార్డు మూసేయడానికి గడువు పెట్టింది. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకివ్వాలి. గడువు తేదీ లోపల రిఫండ్ వస్తే కట్టాల్సిన బాకీలో వెంటనే తగ్గించాలని కూడా ఉంది. లిమిట్ తిరిగి రావడానికీ అలాంటి గడువే పెట్టమంటున్నాను. ఇవాళ్టి తీర్మానాల్లో ఇది చేర్చండి, అధ్యక్షా.

ఈలోగా పెద్ద ఖర్చు ఉందంటే రెండు మూడు రోజుల ముందే కట్టండి. కట్టాక మెసేజ్‌ను నమ్మకండి, బ్యాంకు యాప్ తెరిచి వాడుకోగల లిమిట్ ఎంతుందో చూడండి. రాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తీర్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. దాని ఫోన్ నంబరు 14448, రాసుకోండి.

మీలో ఎవరికైనా బావగారి అనుభవం ఎదురైతే టిఫిన్లకు లేచే ముందు ఒక కాగితం మీద రాసివ్వండి. ఏ బ్యాంకు, ఏ తేదీన కట్టారు, లిమిట్ ఏ తేదీన వచ్చింది, అంతే చాలు. తీర్మానంతో పాటు జతచేసి పంపుదాం. కార్డు నంబరు మాత్రం రాయొద్దు తల్లీ, ఎవరూ రాయొద్దు.