కలియుగం, లోయర్ ఈస్ట్ సైడ్

అందరికీ నమస్కారం. కుర్చీలు లేవు, ఏసీ లేదు, అయినా వచ్చారు. సికింద్రాబాద్‌లో ఈ ప్రాక్టీస్ రూమ్ పట్టేది పదిమందికి, ఇందాక తలలు లెక్కపెడితే 22 తేలాయి. డ్రమ్స్ పక్కన కూర్చున్నవాళ్ళు లేచేటప్పుడు కాస్త సింబల్ చూసుకోండి, నెత్తికి తగులుతుంది.

ఇవాళ మనం కలిసింది క్రో-మ్యాగ్స్ మొదటి ఆల్బమ్ 'ది ఏజ్ ఆఫ్ క్వారెల్' కోసం. న్యూయార్క్ బ్యాండ్, 1986 నాటి రికార్డు. 15 పాటలు, అన్నీ కలిపి సుమారు 33 నిమిషాలు. పంక్, మెటల్ కలగలిసిన క్రాసోవర్ త్రాష్ గురించి ఎవరు లిస్టు రాసినా ఇది పైవరసలో ఉంటుంది. కాకపోతే ఫ్యాన్స్ దీన్ని మెచ్చుకునేది దాదాపు ఎప్పుడూ ఒకే మాటతో: 'హార్డ్'. ఇంత గట్టిది లేదు, ఇంత మొరటుది లేదు అని. కాదనను. కానీ మొరటుతనమే కావాలంటే ఆ రెండు మూడేళ్ళలోనే ఇంకో అరడజను రికార్డులు దొరుకుతాయి. మరి మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే ఎందుకొస్తున్నాం? దీనికి నా దగ్గర ఒక జవాబుంది. అది నాకు మా అమ్మమ్మ ఇచ్చింది.

2003లో నేను విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర సీడీ తీసుకుని కాపీ కొట్టుకున్నాను. కవర్ లేదు, పాటల పేర్లు లేవు. మార్కర్‌తో బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు మాత్రం రాసుకున్నాను. సెలవుల్లో ఇంట్లో పెట్టి వింటుంటే, అప్పుడే భాగవత సప్తాహం నుంచి వచ్చిన అమ్మమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఏవిట్రా ఆ గోల? ఎవరు కొట్టుకుంటున్నారు?" అంది. పాటలే అమ్మమ్మా అన్నాను. "పేరేంటి?" అంటే, "ఏజ్ ఆఫ్ క్వారెల్. అంటే... కొట్లాటల కాలం" అన్నాను. చేతిలో కాయ మీంచి చూపు తిప్పకుండానే, "కలియుగం అని చెప్పచ్చు కదరా" అంది.

ఏడాదిగా వింటున్నాను, ఆ పేరు మీద ఒక్కసారీ ఆలోచించలేదు. మర్నాడు ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి గంటకి పాతిక రూపాయలు కట్టి వెతికితే, ఆవిడ చెప్పిందే నిజం. హరేకృష్ణ ఉద్యమం వాళ్ళ ఇంగ్లీషు పుస్తకాల్లో కలియుగానికి వాడే మాటే అది. కలి అంటే కలహం. కాళికాదేవి కాదు, మన పాత ఇళ్ళలో కలికుండలో పులిసే కలీ కాదు. బ్యాండ్ గొంతు జాన్ జోసెఫ్, బేస్ వాయించే హార్లీ ఫ్లానగన్, ఇద్దరూ కృష్ణభక్తులు. ఒళ్ళంతా టాటూలు, గుండ్లు, మెడలో కంఠిమాల.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ఒక పేటని చూడాలి. 1965లో ఎ.సి. భక్తివేదాంత స్వామి కలకత్తాలో 'జలదూత' అనే సరుకుల ఓడ ఎక్కి, 69 ఏళ్ళ వయసులో అమెరికాలో దిగారు. మరుసటి ఏడాది జూలైలో ఇస్కాన్ మొదలైంది న్యూయార్క్‌లో, 26, సెకండ్ ఎవెన్యూ అనే చిరునామాలో, ఒక చిన్న దుకాణం గదిలో. అది లోయర్ ఈస్ట్ సైడ్. ఆ అక్టోబర్‌లోనే, కొద్ది దూరంలో ఉన్న టాంప్కిన్స్ స్క్వేర్ పార్కులో ఒక ఎల్మ్ చెట్టు కింద ఆరుబయట హరేరామ కీర్తన జరిగింది. కవి అలెన్ గిన్స్‌బర్గ్ కూడా అందులో ఉన్నాడు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు 1980ల మొదటికి రండి. అదే పార్కు మూలన, ఎవెన్యూ ఏ, ఏడో వీధి కలిసే చోట, ఏ7 అని ఒక బుల్లి క్లబ్బు. న్యూయార్క్ హార్డ్‌కోర్‌కి, అంటే ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా కొట్టే పంక్‌కి, పుట్టిల్లు అదే అనుకోవచ్చు. కాస్త నడిస్తే బవరీ వీధిలో సీబీజీబీ అని ఇంకో క్లబ్బు, అక్కడ ఆదివారం మధ్యాహ్నం మ్యాటినీ షోలు. చుట్టూ కాలిపోయిన భవనాలు, హెరాయిన్ అమ్మకాలు, ఎవరూ అద్దె కట్టని పాడు ఇళ్ళు. హార్లీ ఆ పాడు ఇళ్ళల్లోనే పెరిగాడు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే స్టిమ్యులేటర్స్ అనే పంక్ బ్యాండ్‌లో డ్రమ్మర్. అంతకు ముందే చిన్నపిల్లాడిగా ఒక పుస్తకం వేస్తే దానికి ముందుమాట రాసింది ఎవరనుకున్నారు, ఆ చెట్టు కింద కీర్తనలో ఉన్న గిన్స్‌బర్గే. జాన్ జోసెఫ్ చిన్నతనం అనాథపిల్లల్ని పెంచే ఇళ్ళలో గడిచింది. పార్కులో హరేకృష్ణ వాళ్ళు ఊరికే పెట్టే ప్రసాదం ఇలాంటి పిల్లలకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆకలి ముందు, వేదాంతం తర్వాత. మన గుళ్ళ దగ్గర పులిహోర లైన్లో ఎవరు ఎందుకు నిలబడ్డారో మనం అడుగుతామా?

అందుకే ఈ రికార్డులో కలియుగం అలంకారం కోసం పెట్టిన పేరులా వినిపించదు. భాగవతం పన్నెండో స్కంధంలో కలి లక్షణాలు చెబుతారు. మనం పోతన భాగవతం అంటాం గానీ తెలుగులో ఆ స్కంధం రాసింది వెలిగందల నారయ్య, అది వేరే సంగతి. అందులో ఏముంటుంది? కలిలో డబ్బున్నవాడే గుణవంతుడు, బలమున్నవాడిదే న్యాయం. అమ్మమ్మకి అది ప్రవచనం, కూర్చుని వినేది. హార్లీకి అది వాళ్ళ సందు. ఈ ఆల్బమ్‌లో 'స్ట్రీట్ జస్టిస్' అని ఒక పాట ఉంది, పేరు చూడండి. మనవాళ్ళు పేపర్ మడిచి 'కలికాలం' అని నిట్టూరుస్తారు. వీళ్ళు ఆ మాటకి డ్రమ్స్ పెట్టారు.

సరే, సంగీతంలోకి వద్దాం, లేకపోతే ఇది కూడా ప్రవచనం అయిపోతుంది. క్రాసోవర్ అంటే పంక్, మెటల్ ఒకదాంట్లోకి ఒకటి దాటడం. ఇవాళ వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, అప్పట్లో జుట్టు పెంచిన మెటల్ వాళ్ళకీ, గుండు గీసుకున్న పంక్ వాళ్ళకీ ఒకే హాల్లో పడేది కాదు. మెటల్ దగ్గర వాయిద్యం మీద పట్టుంది, బరువుంది, గిటార్ తీగ మీద అరచెయ్యి ఆనించి కొట్టే ఆ 'జగ్ జగ్' ఉంది. హార్డ్‌కోర్ పంక్ దగ్గర తొందర ఉంది, చెప్పేదేదో నిమిషంలో చెప్పేసి పోవడం ఉంది. డీ.ఆర్.ఐ. అనే బ్యాండ్ వాళ్ళు 1987లో తమ ఆల్బమ్‌కి 'క్రాసోవర్' అని పేరే పెట్టారు, ఆ పేరు ఈ సంగీతానికి నిలిచిపోయింది. క్రో-మ్యాగ్స్ అంతకు ఏడాది ముందే దాటేశారు. ఇంకో తమాషా ఏమిటంటే ఈ రికార్డు వేసింది ప్రొఫైల్ వాళ్ళు, ర్యాప్ గ్రూపు రన్-డీఎంసీ రికార్డులు వేసే కంపెనీ. ఆ 1986లోనే రన్-డీఎంసీ రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌తో కలిసి ర్యాప్‌ని రాక్‌లో కలిపేశారు. ఆ ఏడాది అందరూ గోడలు దూకుతున్నట్టున్నారు.

మొదటి పాట 'వియ్ గాటా నో'. ఇది మొదలై సుమారు నిమిషం దాకా గొంతు వినిపించదు. పంక్ లెక్కలో అది చాలా ఎక్కువ, అప్పటికి రెండో పాట అయిపోవాలి. ప్యారిస్ మేహ్యూ, డగ్ హాలండ్‌ల గిటార్లు ఆగి ఆగి పడుతుంటాయి, మధ్యలో మాకీ జేసన్ డ్రమ్స్ లోపల్నుంచి పైకి వస్తుంటాయి. వేగం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనిపిస్తుంది, రాదు. నిమజ్జనం రోజు తీన్‌మార్ విన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. దరువు మార్చే ముందు డప్పు కొట్టేవాడు ఒక్క క్షణం జనం మొహాల్లోకి చూస్తాడు చూడండి, ఈ ఇంట్రో మొత్తం ఆ క్షణమే. తర్వాత ఒక్కసారిగా వదులుతారు, జాన్ జోసెఫ్ అరుపు అందుకుంటుంది. ఆ అరుపులో బ్యాడ్ బ్రెయిన్స్ అనే హార్డ్‌కోర్ బ్యాండ్ ప్రభావం ఉంది, వాళ్ళ దగ్గర రోడీగా సామాన్లు మోసిన మనిషి. మాకీ కూడా తర్వాత బ్యాడ్ బ్రెయిన్స్‌లో వాయించాడు.

ఇక ఆ పాట పేరు చూడండి. 'తెలుసుకోవాల్సిందే' అని. వీధుల్లో బతకడానికే నానా తంటాలు పడుతున్నాం, నిజం వెతుక్కోవడమే మమ్మల్ని బతికిస్తోంది అంటుంది పాట. బ్రహ్మసూత్రాల్లో మొట్టమొదటి సూత్రం 'అథాతో బ్రహ్మ జిజ్ఞాసా', ఇక తెలుసుకోవాలనే కోరిక. భక్తివేదాంత స్వామి ఉపన్యాసాల్లో అది మాటిమాటికీ వస్తుంది. దాన్ని తలుచుకునే ఈ పాటని ముందు పెట్టారని రుజువు చూపించలేను. కానీ కలియుగం పేరుతో రికార్డు తీసి, మొదటి పాటగా జిజ్ఞాసని పెట్టడం నాకు కాకతాళీయంగా అనిపించదు. నా జవాబు ఇదే. గట్టిగా కొట్టే రికార్డులు చాలా ఉన్నాయి. కొట్టుకుంటూనే 'అసలు ఎందుకిదంతా' అని అడిగే రికార్డు ఇది.

రెండో పాట 'వరల్డ్ పీస్'. పేరు చూసి మోసపోకండి, ప్రపంచశాంతి జరిగే పని కాదు అని చెబుతుంది. అట్ట మీద అణుబాంబు పుట్టగొడుగు మేఘం. కోల్డ్ వార్ రోజులు, చెర్నోబిల్ ప్రమాదం కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. నాలుగోది 'మాల్‌ఫంక్షన్', ఇది నెమ్మదిగా నడుస్తుంది. గంటకి వంద మైళ్ళ రికార్డులో ఈ పాట రోడ్ రోలర్‌లా వస్తుంది. తర్వాతి రోజుల్లో హార్డ్‌కోర్ బ్యాండ్లు కట్టిన మోష్ భాగాలన్నిటికీ, అంటే జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎగిరే చోట్లకి, మూలాలు వెతికితే ఇలాంటి చోట్లే తేలతాయి. 'హార్డ్ టైమ్స్' సంగతి మీకు తెలుసు, షోలలో జనం స్టేజీ ఎక్కి మైకు లాక్కునే పాట. దాన్ని తెలుగులో చెప్పి చూడండి: కష్టకాలం వస్తోంది, బతుకు సర్దుకో, లేకపోతే మునిగిపోతావు. ఇది మా నాయనమ్మ ప్రతి దసరాకీ చెప్పేది, డిస్టార్షన్ ఒక్కటే తక్కువ.

జనం మైకు లాక్కోవడం అన్నాను కదా. రాక్ కచేరీలో పాడేవాడు పైన, వినేవాడు కింద. హార్డ్‌కోర్‌లో ఆ గీత ఉండదు. మన భజన మండలిలో కూడా ఉండదు. తాళాలు ఎవరి చేతిలో ఉంటే వాడే కళాకారుడు. కలికి ఉన్న ఒకే ఒక్క మంచి గుణం కీర్తన అంటుంది భాగవతం. సీబీజీబీ మ్యాటినీని కీర్తన అనేంత దూరం నేను వెళ్ళను, అక్కడ ముక్కులు పగిలేవి.

ఇక్కడ ఒక పక్క మాట. ఇదే నగరం నుంచి, అంతకు ఏడాది ముందు, ఎస్.ఓ.డి. అనే బ్యాండ్ ఆల్బమ్ వచ్చింది, 'స్పీక్ ఇంగ్లిష్ ఆర్ డై' అని. క్రాసోవర్‌కి అదీ పునాదిరాయే. రిఫ్‌లు, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కలు, అద్భుతం. వెటకారంగా పెట్టాం అన్నారు వాళ్ళు. కావచ్చు. కానీ ఆ టీషర్ట్ వేసుకుని నేను ఈ ఊళ్ళో తిరగలేను, అమెరికాలో మన పిల్లలు తిరగడం ఇంకా చూడలేను. పక్కవీధి కుర్రాళ్ళు, మన క్రో-మ్యాగ్స్, సంస్కృతం మాటకి అర్థం వెతుక్కుని రికార్డు పేరు పెట్టుకున్న రోజులే అవి.

లోపాలు లేవా? ఉన్నాయి. సౌండ్ పల్చగా ఉంటుంది, గొంతు చుట్టూ అనవసరంగా ప్రతిధ్వని. అందుకే అసలైన 'ఏజ్ ఆఫ్ క్వారెల్' ముందు నమూనాగా రికార్డు చేసుకున్న డెమోనే అనే వర్గం ఒకటుంది. అది 2000లో 'బిఫోర్ ద క్వారెల్' పేరుతో విడిగా వచ్చింది. ఈ గదిలోనే ఆ వర్గం వాళ్ళు ముగ్గురున్నారు, గడ్డం గోక్కుంటున్నారు చూడండి. డెమో మొరటుగా, దగ్గరగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మాకీ చేతులు విడివిడిగా వినాలంటే నాకు ఆల్బమే కావాలి. ఇంకో లోపం, రెండో వైపుకి వచ్చేసరికి రెండు మూడు పాటలు ఒకదానిలా ఒకటి ఉంటాయి. 'ఫేస్ ద ఫ్యాక్ట్స్' ఎక్కడ మొదలైందో ఇప్పటికీ నాకు వెంటనే తట్టదు.

1989లో వచ్చిన రెండో ఆల్బమ్ 'బెస్ట్ విషెస్' గురించి చెప్పకుండా వదల్లేను, ఎందుకంటే దాని అట్ట మీద నరసింహస్వామి. హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తున్న బొమ్మ. అందులో పాడింది హార్లీయే. ఇంకా మెటల్ వైపు వెళ్ళిన రికార్డు, 'క్రష్ ద డెమోనియాక్' అని పాట కూడా ఉంది. ఆ టీషర్ట్ వేసుకుని నేను సింహాచలం వెళ్ళాను. క్యూలో వెనక నిలబడ్డ ఒక పెద్దాయన నా ముందుకొచ్చి బొమ్మ చూసి, చెంపలు వేసుకుని, "బెస్ట్ విషెస్ అని రాశారేంటి బాబూ, ఎవరి పెళ్ళి?" అన్నారు. మా సింహాద్రి అప్పన్నకి ఏడాదంతా ఒంటినిండా చందనమే. ఉగ్రాన్ని చల్లబరచడానికి అంటారు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆ రికార్డు వింటే నాకు ఆ ఒక్కరోజే గుర్తొస్తుంది, చందనం తీసేసిన రోజు.

కలహం బ్యాండ్‌ని వదల్లేదు. హార్లీ, జాన్ జోసెఫ్ ఎప్పుడో విడిపోయారు. 2012 జూలైలో న్యూయార్క్‌లో ఒక షో దగ్గర గొడవై కత్తిపోట్ల దాకా వెళ్ళింది, హార్లీని అరెస్టు చేశారు, తర్వాత కేసు కొట్టేశారు. పేరు కోసం కోర్టుకెక్కి 2019లో రాజీ పడ్డారు. క్రో-మ్యాగ్స్ పేరు హార్లీకి వచ్చింది, జాన్ జోసెఫ్, మాకీలది క్రో-మ్యాగ్స్ జేఎం. ఆ తర్వాత ఆ పాటల్నే రెండు బ్యాండ్లు వాయించాయి. ఇదంతా అమ్మమ్మకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. పేరు అదే పెట్టుకున్నారు కదా అంది.

చాలు. ఇప్పుడు రికార్డు పెడదాం. కళ్ళజోళ్ళు, ఫోన్లు ఆ కిటికీలో పెట్టేయండి. ఎవరైనా పడితే పక్కవాళ్ళు వెంటనే లేపండి. ఆంప్ మీద టీ గ్లాసు ఎవరిదో, దయచేసి తీయండి. పైన ఇంటి ఓనరు గారు తొమ్మిదింటికి పడుకుంటారు. ఇప్పుడు ఎనిమిదీ ఇరవై. మనకి 40 నిమిషాలుంది, రికార్డుకి 33 చాలు.